అదే యుద్ధం, ఒక్క కొత్త రూలు



మీ ఇంట్లో కొత్త బియ్యం బస్తా విప్పిన రోజే కొత్త కుక్కరు కూడా పొయ్యెక్కిందనుకోండి. అన్నం ముద్దయింది. తప్పెవరిది? బియ్యానిదా? కుక్కరుదా? నీళ్ళు పోసిన చేతిదా? అత్తగారు బియ్యం అంటుంది. కోడలు కుక్కరంటుంది. మధ్యలో ఆ ముద్దన్నం తినేవాడు మాత్రం నోరెత్తడు.

ఈ ముద్దన్నం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను మాట్లాడబోయేది యుద్ధం గురించి. కంగారు పడకండి, నిజం యుద్ధం కాదు. బల్ల మీద బుల్లి సైనికులతో ఆడే యుద్ధం. దాన్ని మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. ఆ ఆటకి రూల్స్ మారినప్పుడు, కొత్త రూలు మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి? అదే ఇవాళ్టి మాట.

నాకీ పిచ్చి అంటించింది మా మేనల్లుడు. ఇంగ్లండులో ఉద్యోగం వాడికి. పోయిన ఏడాది సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. చాక్లెట్లేమో అనుకుని మా ఆవిడ మూత తీసింది. లోపల దూది. దూదిలో సైనికులు! లోహంతో పోతపోసినవి. నిలబెడితే ఒక్కొక్కడు చింతగింజంత ఉంటాడు. నలుగురైదుగుర్ని కలిపి చిన్న పలక మీద అంటించారు. ఏనుగులైతే పెద్ద ఉసిరికాయంత. ఏనుగు మెడ మీద మావటి. ఆ మావటి తలపాగాకి ఎర్రంచు! భూతద్దం పెట్టుకుని, రెండు వెంట్రుకల కుంచెతో వేశాట్ట మావాడు. ఇంట్లో ఎప్పుడైనా బల్బు మార్చమంటే నడుం నొప్పనేవాడు.

"ఇవి బొమ్మలు కాదు మావయ్యా, సైన్యాలు. ఇది అలెగ్జాండరుది. ఇది పురుషోత్తముడిది. ఆడదాం రా" అన్నాడు.

అరవై దాటినవాణ్ణి. బొమ్మలాటేంటని మొహమాట పడ్డాను. వాడు నవ్వాడు. ఈ ఆటకి పెద్ద పెద్దవాళ్ళే మొహమాట పడలేదన్నాడు. నిజమే. దాదాపు రెండొందల ఏళ్ళ కిందట, 1824లో, ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి ఇలాంటి ఆటొకటి తయారుచేసి పై అధికారులకి చూపించాడు. మ్యాపు, దళాల్ని చూపించే చిన్న దిమ్మలు, పాచికలు, తగువు తీర్చడానికో మధ్యవర్తి. అది చూసి ప్రష్యా సైన్యం తన అధికారులకి దాన్ని శిక్షణ కింద పెట్టింది. ఆ తర్వాత 1913లో హెచ్.జి. వెల్స్, అదే, కాలయంత్రం నవల రాసిన వెల్స్, నేల మీద కూర్చుని తగరపు సైనికులతో ఆడే ఆటకి ఏకంగా పుస్తకమే రాశాడు. పేరు 'లిటిల్ వార్స్'. అందులో పదాతి ఒక విడతకి ఒక అడుగు దూరం, గుర్రం రెండడుగులు కదలొచ్చు. ఫిరంగులు మాత్రం నిజంగానే పేలేవి. స్ప్రింగు ఫిరంగులు. అందులోంచి చిన్న కర్రముక్క వెళ్ళి తగిలి సైనికుడు పడితే పోయినట్టే.

వెల్స్ పుస్తకంలో నాకు బాగా నచ్చిందేంటంటే, రూల్స్ ఒక్క రోజులో పుట్టలేదని దాచుకోకుండా చెప్తాడు. ఆడారు, చిక్కొచ్చింది, మార్చారు, మళ్ళీ ఆడారు. ఆలోచించుకుంటూ కూర్చునేవాడితో వేగలేక, ఒక్కో విడతకి ఇంత టైమని పెట్టుకున్నారు. మన ఊళ్ళల్లో జరిగేదీ అదే కదండీ. వీధి క్రికెట్‌లో బంతి పక్కింటి గోడ దాటితే సిక్సరా, అవుటా? మొదట సిక్సరే. ఆ పక్కింటాయన రెండుసార్లు బంతి దాచేసుకున్న తర్వాత, అవుటు. రూలు పుట్టేది పుస్తకంలో కాదు, తగువులో.

ఇక మా ఆట సంగతికొస్తాను. మావాడు తెచ్చిన రూల్స్ పేరు డీబీఏ. 'డి బెల్లిస్ యాంటిక్విటాటిస్' అని లాటిన్ పేరు. ప్రాచీన కాలపు యుద్ధాల గురించి అని అర్థం. ఇంగ్లండులో ఫిల్ బార్కర్ అనే ఆయన ముఖ్యంగా రాశాడు. 1990లో మొదటిసారి వచ్చింది. దాని గొప్పతనం చిన్నదవడమే. రెండు వైపులా పన్నెండేసి దళాలు. రెండడుగుల చదరం బల్ల చాలు. గంటలో ఆట తేలిపోతుంది.

ఆట తీరు కూడా చెప్పేస్తాను. తేలికే. మీ వంతు రాగానే పాచిక వేస్తారు. ఎంత పడితే అన్ని ఆజ్ఞలు. ఆరు పడితే ఆరు కదలికలు. ఒకటి పడిందా, సేనాపతి గొంతు చించుకున్నా కదిలేది ఒక్క దళమో, కలిసి నిలబడ్డ ఒక్క గుంపో. మిగతావాళ్ళు ఉన్నచోటే ఉంటారు. రెండు దళాలు ఢీకొంటే, ఒక్కొక్క దళానికి ఒక బలం అంకె ఉంటుంది. దానికి పాచిక కలుపుతారు. తక్కువ వచ్చినవాడు మామూలుగా వెనక్కి తగ్గాలి. అవతలివాడి దాంట్లో సగమో, అంతకన్నా తక్కువో వస్తే సాధారణంగా ఆ దళం పోయినట్టే. నాలుగు దళాలు పోగొట్టుకుంటే, అవతలివాడికి పోయినవి అంతకన్నా తక్కువైతే, ఓడినట్టు.

అంతే ఆట. మా ఇద్దరికీ బాగా అలవాటైపోయింది. ఆ ఏడాది వాడు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు కొత్త పుస్తకం తెచ్చాడు. అదే ఆట, మూడో కూర్పు. నిజానికిది 2014లోనే వచ్చింది. మాకు ఇప్పుడు అందింది. మా ఊరి సినిమాహాలుకి సినిమాలు వచ్చినట్టు.

కొత్త పుస్తకంలో చాలా మారాయి. మా కంటికి మొదట పడ్డవి రెండు. పాత పుస్తకంలో, మా బొమ్మల సైజుకి, బరువాయుధాల పదాతి ఒక విడతకి కదిలేది 50 మిల్లీమీటర్లు. విలుకాళ్ళ బాణం వెళ్ళేది కూడా అంతే, 50 మిల్లీమీటర్లు. కొత్త పుస్తకంలో కొలతలన్నీ పలక వెడల్పుతో చెప్పారు. మా పలక వెడల్పు 40 మిల్లీమీటర్లు. పదాతి రెండు పలకల దూరం నడుస్తుంది. అంటే 80. బాణం మూడు పలకలు వెళ్తుంది. అంటే 120.

ఇంకోసారి చెప్తాను, చెవితో వినేవాళ్ళకి అంకెలు జారిపోతాయి. నడక, 50 నుంచి 80 అయింది. బాణం, 50 నుంచి 120 అయింది.

మొదటి రోజు ఏం చేశామంటే, పుస్తకం మొత్తం ఒకేసారి కొత్తది పట్టుకుని ఆడేశాం. నేను పురుషోత్తముణ్ణి. ఓడిపోయాను. "ఈ కొత్త రూల్స్ బాగోలేదురా" అన్నాను. గెలిచిన వాడికి బ్రహ్మాండంగా ఉన్నాయిట. గంటసేపు వాదించుకున్నాం. ఏ రూలు బాగోలేదు అంటే నేను చెప్పలేను. ఏ రూలు బాగుంది అంటే వాడు చెప్పలేడు.

ముద్దన్నం! గుర్తొచ్చిందా? కొత్త బియ్యం, కొత్త కుక్కరు, ఒకే రోజు.

అందుకని మర్నాడు వేరే పద్ధతి పెట్టుకున్నాం. ఇదే నేను మీకు చెప్పదలుచుకున్న ఒక్క సంగతి. యుద్ధం అదే ఉండాలి. సైన్యాలు అవే ఉండాలి. బల్ల మీద చెట్టూ పుట్టా అక్కడే ఉండాలి. మార్చేది ఒక్కటే రూలు. ఆడాలి. తర్వాత చోట్లు మార్చుకుని మళ్ళీ ఆడాలి. నేను అలెగ్జాండరు, వాడు పురుషోత్తముడు. ఎందుకంటే, గెలిచింది రూలు వల్లా, వాడి తెలివి వల్లా అన్నది చోట్లు మార్చుకుంటే కానీ తెలియదు. అదీ ఒక్కసారి కాదు. ఇది పాచికల ఆట. ఒక్క ఆటలో ఏ గాడిదైనా గెలుస్తుంది. ఒక్క కాయ పుల్లగా ఉందని మామిడి చెట్టు కొట్టేయం కదా.

సరే, ముందు నడక ఒక్కటే మార్చాం. బాణం పాతదే. అంటే పదాతి 80 నడుస్తుంది, బాణం 50 వెళ్తుంది. ఏమైందో ఊహించండి. అలెగ్జాండరు పదాతి, ఆ పొడుగు ఈటెల వాళ్ళు, నా విలుకాళ్ళకి సరిగ్గా 70 మిల్లీమీటర్ల దూరంలో వచ్చి ఆగారు. బాణం అందదు. తర్వాతి విడత ఒక్క అంగలో వచ్చి మీద పడ్డారు. నా విలుకాళ్ళు ఒక్క బాణమూ వెయ్యలేదు. వేసే అవకాశమే రాలేదు. బల్ల మీద అలంకారానికి నిలబెట్టిన బొమ్మల్లా ఉండిపోయారు పాపం.

తర్వాత తిరగేశాం. నడక పాతది, బాణం కొత్తది. పదాతి 50, బాణం 120. అబ్బో, ఇప్పుడు నాకు పండగే! వాడు బాణం అందే హద్దులో కాలు పెట్టిన దగ్గర్నుంచీ రెండుసార్లు దారిలో ఆగాలి. ఆగినచోటల్లా బాణాల వాన. వాడి ఈటెల వరస నా దగ్గరికి చేరేసరికి అక్కడో పన్ను ఇక్కడో పన్ను ఊడిన దువ్వెనలా ఉంది.

మూడోసారి రెండూ కొత్తవే. నడక 80, బాణం 120. ఇప్పుడు వాడు దారిలో ఒక్కసారి ఆగితే చాలు. అంటే విలుకాళ్ళకి కాస్త పని ఉంది, కానీ ఈటెలవాళ్ళు చేరుకుంటారు కూడా. భయం ఇటూ ఉంది, అటూ ఉంది.

అప్పుడర్థమైంది నాకు. ఆ రెండు మార్పులూ జంట. ఒకటి లేకుండా రెండోది పనిచెయ్యదు. పులుసులో చింతపండు పెంచినప్పుడు బెల్లం కూడా కాస్త పెంచినట్టు. రాసినాయనకి ఆ సంగతి తెలుసు. మాకు తెలిసింది మాత్రం విడివిడిగా రుచి చూశాకే. మొదటిరోజు నేను ఓడిందీ రూలు వల్ల కాదు. నా గుర్రాల్ని మూలన పెట్టి మర్చిపోయాను. అది ఒప్పుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. రూలు ఆటకి బాగుంటే చాలా? చరిత్రకి కూడా బాగుండాలి కదా. చరిత్ర యుద్ధాలాట అని పేరు పెట్టుకున్నాక!

డీబీఏలో ఒక రూలుంది. ఏనుగు ఓడి వెనక్కి తగ్గితే, ఆ దారిలో ఉన్న మన దళమే నాశనమైపోతుంది. మన ఏనుగు, మనవాళ్ళనే తొక్కేస్తుంది! నాకు ఒళ్ళు మండింది. "ఇదేం న్యాయంరా? నా ఏనుగు నాకే శత్రువా? ఈ రూలొక్కటి తీసేద్దాం" అన్నాను.

మావాడు పుస్తకం తీశాడు. రూల్స్ పుస్తకం కాదు, చరిత్ర పుస్తకం. "క్రీస్తు పూర్వం 326. జీలం నది ఒడ్డున, మనం ఆడుతున్న ఈ యుద్ధమే. అరియన్ ఏం రాశాడో విను మావయ్యా" అన్నాడు. అరియన్ గ్రీకు రచయిత. యుద్ధం జరిగిన నాలుగు వందల ఏళ్ళు దాటాక రాశాడు, కానీ తన ముందువాళ్ళు రాసినవి చూసి రాశాడు. ఆయన లెక్క ప్రకారం పురుషోత్తముడి వరసలో రెండు వందల ఏనుగులు. మూడు వందల రథాలు. ముప్పై వేల పదాతి. అలెగ్జాండరు రాత్రిపూట, గాలివానలో, మకాం నుంచి ఎగువకి చాలా దూరం వెళ్ళి నది దాటాడు. యుద్ధం మొదలయ్యాక అలెగ్జాండరు సైనికులు ఏనుగుల చుట్టూ మూగి మావటీల్ని పడగొట్టారు. మావటి లేని ఏనుగులు, గాయపడ్డ ఏనుగులు, ముందుకీ వెనక్కీ తిరిగి, మనవాడా పరాయివాడా అని చూడకుండా తొక్కేశాయి. ఇరుకులో గుంపుగా చిక్కుకున్న సొంతవాళ్ళకే నష్టం ఎక్కువ జరిగింది.

నేనింకేం మాట్లాడను? ఆ రూలు ఉంచాం. ఉంచాక చూడండి, నా ఆట మారిపోయింది. ఏనుగుల వెనక ఖాళీ వదలడం మొదలుపెట్టాను. పదాతిని పక్కలకి జరిపాను. వర్షాకాలపు బురదలో నిలబడ్డ పురుషోత్తముడికి ఏ దిగులు ఉండి ఉంటుందో, ఆ దిగులు నాకు మా డైనింగు టేబులు దగ్గర పుట్టింది. కాబట్టి కొత్త రూలుని రెండు ప్రశ్నలు అడగాలి. ఆట సాఫీగా సాగిందా, అన్నది ఒకటి. ఆనాటి సేనాపతి దేనికి భయపడ్డాడో ఆటగాడు దానికే భయపడుతున్నాడా, అన్నది రెండోది. నన్నడిగితే రెండోదే పెద్ద ప్రశ్న. సరదా ఒక్కటే కావాలంటే వైకుంఠపాళి చాలు.

అయితే మా పద్ధతిలో ఒక పెద్ద చిల్లు ఉంది. అదీ చెప్పాలి. తెలిసిన యుద్ధాన్ని మళ్ళీ ఆడుతున్నాం కదా, కథ ఇద్దరికీ తెలుసు. అలెగ్జాండరు ఎక్కడ నది దాటతాడో తెలిసినవాడు అక్కడే కాపు కాస్తాడు. ఇంక కొత్త రూలు పరీక్ష ఏముంది?

ఈ చిల్లు మాకు బాగా తెలిసింది చందుర్తి యుద్ధం దగ్గర. మాది కాకినాడ వైపు. గొల్లప్రోలు పక్కనే చందుర్తి. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ యుద్ధం జరిగింది. ఇటు కల్నల్ ఫోర్డు, ఆయనకి తోడు విజయనగరం ఆనంద గజపతి. అటు కాన్‌ఫ్లాన్స్. ఇంత దగ్గర్లో ఉండి అది ఆడకపోతే ఎలా అనిపించింది. డీబీఏ తుపాకుల కాలానికి పనికిరాదు. నాలుగు కాగితాల మీద మేమే రూల్స్ రాసుకున్నాం. సైనికులు లేరు. అట్టముక్కలకి రంగు కాగితాలు అంటించాం.

చందుర్తిలో అసలు కీలకం ఒక చేను. నిలువెత్తు పెరిగిన పైరు. ఫోర్డు తెల్లసైనికులు ఆ చేను చాటున కనపడకుండా ఉన్నారు. పక్కన నిలబడ్డది సిపాయిలు, మన దేశపువాళ్ళు. బెంగాల్ నుంచి వచ్చిన ఆ సిపాయిల చొక్కాలు ఎర్రవి. ఎర్ర చొక్కాలంటే తెల్ల సైనికులే అనుకున్నారు ఫ్రెంచివాళ్ళు. వీళ్ళని కొడితే పని అయిపోతుందని అటే ఉరికారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. ఫ్రెంచివాళ్ళు వరస చెదిరి తరుముకుంటూ వెళ్ళారు. అప్పుడు చేను చాటునుంచి అసలు తెల్లసైనికులు బయటికొచ్చి పక్కనుంచి కాల్చారు.

ఇది మేమిద్దరం ఆడితే ఏముంటుంది? నాకు చేను తెలుసు. వాడికి చేను తెలుసు. వాడు నేరుగా చేలోకే కాల్చాడు! "అరె, నీకు కనపడకూడదురా!" అంటే, "బల్ల మీద కనపడుతున్నారుగా మావయ్యా" అన్నాడు. వాడన్నది న్యాయమే.

అందుకని ఒక్క రూలు మార్చాం. గుర్తుందిగా, ఒక్కటే. చాటున ఉన్న దళాన్ని బల్ల మీద పెట్టకూడదు. ఎక్కడుందో చీటీ రాసి మధ్యవర్తికివ్వాలి. ప్రష్యావాళ్ళు మధ్యవర్తిని ఎందుకు పెట్టుకున్నారో అప్పుడర్థమైంది. మా ఆవిణ్ణి మధ్యవర్తిగా కూర్చోబెట్టాం. చరిత్రంటే ఆవిడకి ఆసక్తి లేదు, కాబట్టి పక్షపాతమూ లేదు. చీటీ కొంగుకి ముడేసుకుంది.

ఆడినవాళ్ళు మేం కాదు. పక్కింటి పిల్లలు. ఎనిమిది చదివే తమ్ముడు ఫ్రెంచి, ఇంటరు చదివే అక్క ఇంగ్లీషు. ఊరి పేరు చెప్పలేదు. ఎవరి సైన్యమో చెప్పలేదు. నీలాలు, ఎరుపులు, అంతే. ఈ రకం తెల్లసైనికులు గట్టివాళ్ళు, ఆ రకం సిపాయిలు అంత గట్టివాళ్ళు కారు అని మాత్రం చెప్పాం. ఎరుపు అట్టల్లో ఏవి ఏవో చెప్పలేదు.

మొదటి ఆట పాత రూలుతో. అన్నీ బల్ల మీదే, చేలో ఉన్నవి కూడా. తమ్ముడు చేను జోలికి పోకుండా చుట్టు తిరిగి వెళ్ళి గెలిచాడు. రెండో ఆట చీటీ రూలుతో. ఈసారి చేనుని మాత్రం రెండో వైపుకి జరిపాం, వాడికి అనుమానం రాకుండా.

తమ్ముడు బల్ల మీద కనపడ్డ ఎర్ర అట్టల్ని చూశాడు. నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వాడు నీలం అట్టలన్నీ కలిపి ఒక్క తోపు తోశాడు. ఎర్ర సిపాయిలు వెనక్కి తగ్గారు. వాడు తరిమాడు. పాచిక బాగా పడుతోంది, ఆగేటట్టు లేడు. వాడి వరస మెట్లు మెట్లుగా చెదిరి, పక్క మొత్తం చేనుకి తిరిగింది.

అక్క మా ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. మా ఆవిడ కొంగు ముడి విప్పి, చీటీ చదివి, డబ్బాలోంచి నాలుగు ఎర్ర అట్టలు తీసి చేను గట్టు మీద వరసగా పెట్టింది.

తమ్ముడు ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత నన్నడిగాడు. "తాతయ్యా, ఇలా నిజంగా ఎవరికైనా జరిగిందా?"

"జరిగింది నాన్నా. రేపు ఆదివారం, నిక్కరు కాదు, ప్యాంటు వేసుకుని రా. చేలో నడవాలి" అన్నాను.